దారం లేని వంకరయ్య

ఒకప్పుడు రోగం తెచ్చే క్రిముల్లో ప్రతివాడి కడుపులోనూ ఒక దారం ఉండేది. తనలాంటి పిల్లల్ని ఎలా తయారుచేయాలో ఆ దారంలోనే రాసి ఉండేది. అది ఉన్నంతకాలం వాళ్ల సంతతికి అడ్డూ ఆపూ లేదు.

సూర్యుడు ఊరుకుంటాడా? కిరణం గుచ్చి ఆ దారాన్ని పుటుక్కున తెంపేవాడు. దారం తెగితే వంశం ఖతం! అందుకే ఆయనకి కాస్త పొగరెక్కువ. నెమ్మదిగా చెప్పుకుందాం, వింటే ఎండదెబ్బ కొడతాడు.

ఒకరోజు బొల్లి గొర్రె ముళ్లకంచెకి ఒళ్లు రుద్దుకుంటూ కనిపించింది. ఉన్ని ఊడిపోయింది. కాళ్లు తడబడుతున్నాయి. పక్కనే పాలు తాగే పిల్ల బిక్కమొహం వేసుకుని నిలబడింది.

"సూర్యయ్యా, నా తలలో ఏదో దూరింది. నేను పోతే ఈ పిల్ల గతేం కాను?" అంది బొల్లి.

"ఓస్, ఇంతేనా! నువ్వు నెమరేసేలోపు పని అయిపోతుంది" అని సూర్యుడు దాని చెవిలోంచి లోపలికి దూరాడు.

లోపల బోలెడంతమంది ప్రొటీన్లు. ఒంట్లో చాకిరీ అంతా చేసేది వాళ్లే. మామూలుగా చక్కగా చుట్ట చుట్టుకుని పని చేసుకుంటారు. ఇప్పుడేమో చాపల్లా ఒకడి మీద ఒకడు పడి ఉన్నారు. నడిమధ్యన ఒళ్లంతా మెలితిరిగిన ప్రొటీన్ ఒకడు, పేరు వంకరయ్య.

"ఏరా, దారం తియ్యి!" అన్నాడు సూర్యుడు.

"ఏం దారం సామీ?"

"నా దగ్గరా నాటకాలు?" సూర్యుడు వాణ్ణి తలకిందులు చేసి దులిపాడు. చంకలు కూడా వెతికాడు. ఏమీ రాలలేదు. ఒళ్లు మండి కిరణాలన్నీ గుచ్చాడు.

"అబ్బ, వెచ్చగా ఉంది! కాస్త నడుం మీద కూడా" అన్నాడు వంకరయ్య.

"దారం లేకుండా ఇంతమంది పిల్లల్ని ఎలా కన్నావురా?"

"పిల్లలెవరు సామీ? వీళ్లంతా ఇక్కడివాళ్లే. నేనూ బొల్లి మనిషినే. చాకిరీకి విసుగొచ్చి ఇలా అడ్డంగా ఒరిగాను. పక్కవాడు నన్ను చూసి ఒరిగాడు. గొర్రె తలలో ఉంటూ గొర్రెదాటు రాకపోతే ఎలా? నాకు దారంతో పనేముంది?"

సూర్యుడు చుట్టూ చూశాడు. అల్లంత దూరాన ఒకే ఒక్క ప్రొటీన్ ఇంకా చుట్ట చుట్టుకుని పని చేస్తోంది. దాని దగ్గరికి పరుగెత్తాడు.

"ఒరేయ్, నువ్వైనా ఒరగకురా! నీ బొల్లి చచ్చిపోతుందిరా!"

అది అటు చూసింది, ఇటు చూసింది. "అందరూ పడుకున్నారుగా, నేనొక్కణ్ణే ఎందుకూ?" అని ఆవలించి ఒరిగిపోయింది.

సూర్యుడు బయటికొచ్చేసరికి బొల్లి నేల మీద ఉంది. "అయిందా అయ్యా?" అని అడిగింది.

"తెంపడానికి దారం లేదమ్మా" అన్నాడాయన. ఏడుపొచ్చేసింది. బొల్లి పిల్ల నుదురు నాకింది. మళ్లీ లేవలేదు.

ఇప్పటికీ ప్రియాన్ అనే ఆ వంకర ప్రొటీన్‌కి దారమూ లేదు, దారం కావాలన్న బెంగా లేదు. ఎండకి బెదరదు, ఉడకబెట్టినా లొంగదు. ఎంత పెద్ద శాస్త్రవేత్త వెతికినా లోపల దొరికేది ఉత్త ప్రొటీనే. పిల్లల్ని కనదు, గుడ్లు పెట్టదు. ఊరికే పక్కవాడి మీదికి ఒరుగుతుంది.