సంపెంగ వంకర, దివాను వంకర

గాలికి కాదమ్మడూ, గాలికైతే రాజుగారి తోటంతా వాలాలి కదా. ఆ సంపెంగ ఒక్కటే వాలింది, తూర్పుకి. నేల సారం లేదన్నారు కొందరు, నీళ్లు ఎక్కువయ్యాయన్నారు కొందరు. రాజుగారికి ఏ వంకరా కంటికి గిట్టదు. వారంలో అదెందుకు వంగిందో తేల్చకపోతే చెట్టు కొట్టించేసి, తోటమాలి పోతులయ్యని పెళ్లాం బిడ్డలతో ఊరు దాటిస్తానన్నాడు.

అదంతా ఎక్కించింది దివాను గంగరాజు. మాలికి భక్తి లేదు, అందుకే చెట్టు మొహం తిప్పుకుందని చెప్పాడు. ఆ తోట తన బావమరిదికి కావాలిలే. పోతులయ్య ఏదో చెప్పబోతే, మట్టి పిసికేవాడికి మాటలెందుకని నోరు మూయించాడంట.

మీ తాతైతే ఇక్కడ ఆగి చుట్ట వెలిగించేవాడు. ఇప్పుడు ఆపే మనిషి లేడు, నేనే చెప్పుకుపోతన్నా.

వారం అయింది. నిండు కొలువు. రాజు లేచేదాకా ఎవరి పీట మీంచి వాళ్లు కదలకూడదు, అక్కడది కట్టుబాటు. కొలువుకి పూలూ ఆకులూ కట్టేది పోతులయ్యే. పొద్దున్నే వచ్చి, దివాను పీటకి ఎదురుగా రెండు అరటిచెట్లు ఆకులతో సహా నిలబెట్టి కట్టేశాడు.

దివానుకి రాజుగారి మొహం కనపడదాయె. రాజు నవ్వితే నవ్వాలి, తలాడిస్తే తలాడించాలి, ఆయన ఉద్యోగమే అది. కాస్త ఒరిగాడు. ఇంకాస్త ఒరిగాడు. చివరికి ఆయన తలపాగా వెళ్లి పక్కాయన ఒళ్లో పడింది.

“ఏవయ్యా దివానూ, ఏంటా వంకర?” అన్నాడు రాజు.

“తమ దర్శనం కోసమే ప్రభూ. ముందు అడ్డం ఉంది, కదిలే వీల్లేదు.”

పోతులయ్య చేతులు కట్టుకున్నాడు.

“మా సంపెంగదీ అదే భక్తి మారాజా. దానికి సూర్యుడే రాజు. పడమటేపు దివానుగారు ఎండకి అడ్డంగా మేడ మీద మేడ కట్టారు, చెట్టుకీ కదిలే వీల్లేదు కదా.”

కొలువంతా గొల్లుమంది. రాజైతే నవ్వలేక కళ్లు తుడుచుకున్నాడు. ఒంటి మీది శాలువా తీసి పోతులయ్యకి కప్పాడు. పై మేడ దింపించమని, మర్నాటినించీ దివానూ బావమరిదీ పోతులయ్య చేతికింద మట్టి పని నేర్చుకోవాలని చెప్పాడు.

తెల్లారేసరికి ఊళ్లో దివానూ లేడు, బావమరిదీ లేడు.