మేస్త్రీగుడికి ఆ పేరెలా వచ్చింది

సముద్రపు ఒడ్డున, సరుగుడు తోటల నడుమ, గవ్వలదిబ్బ మీద కొలువైన గవ్వాలమ్మ తల్లి దర్శనానికి వచ్చే భక్తులకు ముందుగా కనిపించేది గుడి మీది ఇటుకల వంపు కప్పు. ఈ కోవెలను మేస్త్రీగుడి అంటారు. "అమ్మవారి గుడికి మేస్త్రీ పేరేమిటండీ?" అని అడగని యాత్రికుడు లేడు. ఆ మాట మొదట మనది కాదు, బుడతకీచులు, అంటే పోర్చుగీసువారు, తమ ఓడలతో పాటు తెచ్చినది. వారి భాషలో మెస్త్రె అంటే గురువు, పనిలో ఆరితేరినవాడు. అది ప్రాచీన లాటిన్‌లోని మాగిస్తెర్ నుంచి పుట్టిందనీ, నలుగురికంటె అధికుడని దాని భావమనీ పండితులు చెబుతారు. మన నోట పడ్డాక అది తాపీమేస్త్రీ, వడ్రంగి మేస్త్రీ, కూలీల మేస్త్రీ అయి ఇక్కడే స్థిరపడింది.

పూర్వం ఇక్కడ అమ్మవారికి తాటాకు పాకే ఉండేది. తుఫాను వచ్చినప్పుడల్లా ఎగిరిపోయేది. తాపీపనివారి పెద్ద గవిరయ్యకు తల్లి కలలో కనిపించి, "గాలికి లేవని గొడుగు పట్టరా నాకు" అని ఆజ్ఞాపించింది. అతడు ఇటుకలతో వంపు కప్పు తలపెట్టాడు. కప్పు ఆరాక దాని కింద ఆనించిన కొయ్యలను కూలీలు లోపలికి దూరి తీయడం, పెద్ద బయట నిలబడి కేకలు వేయడం ఆనాటి ఆచారం. కొయ్యలు తీయగానే కప్పు కూలింది. సున్నం నూరే సన్యాసమ్మ భర్త దాని కింద పడి ప్రాణం విడిచాడు. అమ్మవారు బలి కోరిందన్నారు ఊరి పెద్దలు. ఎంత మాట! తల్లి అడిగింది గొడుగే కదా.

కొన్నాళ్ళకు ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన తోమే అనే బుడతకీచు తాపీపనివాడు గవిరయ్యతో కలిసి కప్పును మళ్ళీ లేపాడు. కొయ్యలు తీసే రోజు వచ్చింది. గవిరయ్య అలవాటు చొప్పున ఇద్దరు కూలీలను పిలిచాడు. సన్యాసమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"కట్టినోడివి నువ్వు. కిందకి మావోలెందుకెల్లాల? నా మొగుడు సాల్లేదా నీకు?"

ఆమె భాష తెలియకపోయినా తోమేకు సంగతి అర్థమైంది. అతడు కూలీలను వెనక్కి పంపి, గుండె మీద చెయ్యి వేసుకుని "మెస్త్రె" అని చెప్పి ఒక్కడే లోపలికి నడిచాడు. ఆ పేరు మోసేవాడి చోటు ఏదో అక్కడున్న అందరికీ తెలిసింది. గవిరయ్యకు సిగ్గు ముంచుకొచ్చింది. అతని వెనకే వెళ్ళాడు.

కొయ్యలు ఒక్కొక్కటే పడుతున్న చప్పుడు బయటికి వినిపించింది. సున్నపు పొడి రాలింది. కప్పు నిలిచింది. బయటికి వచ్చిన గవిరయ్య సన్యాసమ్మ ముందు తల వంచాడు. ఆమె ఏడుస్తూనే, "ఇప్పుడు పిలుత్తాను నిన్ను, మేస్త్రీ అని" అంది. తోమే తరువాత ఏ ఓడ ఎక్కాడో తెలియదు. తెలియనిదానికి కథ అల్లడం మాకు అలవాటు లేదు.

నేటికీ ఈ చుట్టుపక్కల ఊళ్ళలో శ్లాబు సెంట్రింగ్ విప్పేటప్పుడు మేస్త్రీ కింద నిలబడవలసిందే. కొత్తగా పెద్దరికం అందుకునేవాడు మాఘమాసపు ఆదివారం నాడు ఈ వంపు కప్పు కిందికి వచ్చి నిలబడతాడు. తన దగ్గర పనిచేసే కూలీల ఇంటి ఆడమనిషి ఎవరైనా నోరారా పిలిచేదాకా అతడు మేస్త్రీ కాడు. ఎవరూ పిలవక, కొబ్బరికాయ చేతిలోనే పట్టుకుని తిరిగి వెళ్ళినవారూ ఉన్నారు. ఈ తల్లి సన్నిధిలో ఆ ఆడవాళ్ళు మొక్కే మొక్కు ఒక్కటే: పొద్దున పనికి వెళ్ళినవాళ్ళంతా సాయంత్రానికి ఇల్లు చేరాలి.