గురువారం నాటి కుర్చీ

పాత కంప్యూటర్‌లోని పాటలు కొత్తదానికి చేరడం లేదు. ఓబులేశుకు తల కొట్టేసినట్టయింది. కంప్యూటర్ సంగతి నాకు వదిలెయ్యండి సామీ అని ఆశ్రమంలో అందరి ముందూ ఛాతీ విరుచుకుని చెప్పినవాడు మరి.

ఆ పాటలంటే నాగలింగ స్వామికి ప్రాణం. కాలం చేసిన ఆయన గురువు పెద్దస్వామి పాడిన తత్వాలు ఆ పాత డబ్బాలో తప్ప మరెక్కడా లేవు. డబ్బా చూస్తే రోజురోజుకీ మూలుగుతోంది, ఎప్పుడు కన్ను మూస్తుందో తెలియదు. పెన్‌డ్రైవ్ పెట్టే చోట్లు ఎప్పుడో పాడయ్యాయి. కొండమీద నెట్ అందదు. అందుకే ఓబులేశు తన కొత్త కంప్యూటర్ తెచ్చి, పాతదానికి ఎదురుగా పెట్టి, రెంటికీ నేరుగా ఒక వైరు కలిపాడు.

కొత్తదానికి 'శిఖరం' అని పేరు పెట్టుకున్నాడు. బయటినుంచి చీమ కూడా దూరకుండా దానికి ఫైర్‌వాల్ బిగించిందీ తనే. ఆ మాట అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చెప్పేవాడు.

పొద్దుటినుంచీ ఒకటే తంతు. పాతదాని దగ్గరికెళ్లి 'పంపు' అని నొక్కడం, గబగబా వచ్చి తన కుర్చీలో కూర్చోవడం. శిఖరం మాత్రం 'ఎదురుచూస్తున్నాను' అన్న మాట మీదే నిలబడి ఉండేది. విసుక్కుంటూ మళ్లీ పాతదాని దగ్గరికెళితే, దాని తెరమీద ఏదో మెసేజ్ వచ్చి ఉండేది. ముసలిది ఏదో గొణుగుతోందిలే అని చదవకుండానే మూసేసేవాడు. వైరు మార్చాడు. పాతదాని సెట్టింగులన్నీ తిరగేశాడు.

సాయంత్రం స్వామి తంబుర పట్టుకుని వచ్చారు.

"కుదిరిందా అప్పా?"

"లోపమంతా మీ దాంట్లోనే సామీ. నా దాంట్లో వంక పెట్టేదానికి లేదు. అంతా నా చేత్తో పెట్టినా."

స్వామి పాత డబ్బా వైపు దిగులుగా చూశారు. ఓబులేశు వైపు తిరిగి అడిగారు.

"ఈ పొద్దు ఏ వారం?"

"గురువారం సామీ."

"అయితే లెయ్యి."

ఆ ఆశ్రమంలో రోజూ స్వామి పాట ఎత్తుకుంటే శిష్యులు వంత పాడతారు. గురువారం మాత్రం శిష్యుడు స్వామి చాపమీద కూర్చుని పాడాలి, స్వామి శిష్యుడి చోట కూర్చుని వంత అందుకుంటారు. పెద్దస్వామి పెట్టిన ఆనవాయితీ అది. ఆ చాపమీద కూర్చున్నప్పుడల్లా ఓబులేశు పొంగిపోయేవాడు.

అలవాటు చొప్పున లేచాడు. స్వామి తాపీగా వెళ్లి శిఖరం ముందున్న కుర్చీలో కూర్చుని తంబుర ఒళ్లో పెట్టుకున్నారు. ఇక మిగిలింది పాతదాని ముందున్న పీట ఒక్కటే.

"పంపు" అన్నారు.

ఓబులేశు పీటమీద కూర్చుని నొక్కాడు. పరుగెత్తి వెళ్లడానికి అవతల కుర్చీ ఖాళీ లేదు. కూర్చునే ఉన్నాడు. కొంచెంసేపటికి ఆ మెసేజ్ వచ్చింది. ఈసారి చదవక తప్పలేదు.

'శిఖరం లోపలికి రానివ్వడం లేదు.'

సిగ్గుతో అతని చెవులు వేడెక్కాయి.

"ఏమంటాంది?" అన్నారు స్వామి.

"పొద్దుట్నుంచీ ఇదే చెప్తాంది సామీ."

"ఎవురికి?"

ఓబులేశు లేచి వచ్చి, స్వామి కుర్చీ పక్కన మోకాళ్లమీద కూర్చుని, తను వేసిన ఫైర్‌వాల్ గడియ తనే తీశాడు. పాటలు ఒక్కొక్కటే రావడం మొదలైంది. అన్నీ చేరాక ఓబులేశు మొదటి పాట నొక్కాడు.

పాటకు ముందు చిన్న దగ్గు వినిపించింది. ఆ వెనకే పెద్దస్వామి గొంతు ఠీవిగా పలికింది.

"ఏమప్పా, వంతకు సిద్ధమేనా?"

నాగలింగ స్వామి శిష్యుడి కుర్చీలో నిటారుగా సర్దుకుని కూర్చున్నారు. ఆయన కళ్లలో నీళ్లు. మొహంలో మాత్రం ఓబులేశు ఎన్నడూ చూడని గర్వం.

"సిద్ధం సామీ" అన్నారు.