నక్క మూత పెట్టిన లెక్క

జీలుగుల వాగు ఒడ్డున, మద్దిచెట్ల మధ్య, ఎప్పుడో వాన కొలిచేవాళ్లు వదిలేసి వెళ్లిన చిన్న గది ఒకటి ఉంది. అందులో ఒక పాత కంప్యూటరు, కప్పు మీద ఒక సోలార్ పలక. సన్యాసయ్య అనే తాబేలు ఆ గదిలో కాపురం పెట్టి, తీరిగ్గా మూడేళ్లు కూర్చుని ఒక సాఫ్ట్‌వేర్ రాశాడు. పేరు ముంపులెక్క. వాన ఎంత పడుతోందో, వాగులో నీళ్లెంత ఉన్నాయో చెబితే, సాయంత్రానికి ఎవరి గుమ్మం మునుగుతుందో అది చెబుతుంది.

గోడ మీద బొగ్గుతో ఇలా రాసి పెట్టాడు: "ఎవరైనా వాడుకోండి. తెరిచి చూడండి. మార్చుకోండి. పంచుకోండి. రాసినవాళ్ల పేర్లు మాత్రం చెరపకండి."

అది చూసి జగ్గారావు నక్కకి నవ్వాగలేదు.

"ఇంత కష్టపడి ఊరికే ఇచ్చేస్తున్నావా తాతా? బుర్ర ఉందా నీకు?"

"ఉంది గానీ చిన్నది. నలుగురూ చూస్తే నా తప్పులు నాకు చెబుతారని."

"తప్పులు చెప్పించుకోడానికి మూడేళ్లు రాశావన్నమాట," అంటూ జగ్గారావు తన ట్యాబ్‌లోకి ఒక నకలు దించుకున్నాడు. విహారానికి వచ్చినవాళ్లు మరిచిపోయిన ట్యాబ్ అది.

ఇంటికెళ్లి అతగాడు చేసిన మొదటి పని రాసినవాడి పేరు చెరిపేయడం. రెండో పని లోపలి కోడ్‌కి తాళం వేయడం. మూడోది, తన ఫోటో పెట్టడం. దానికి జగ్గాస్త్రం అని పేరు పెట్టి, లెక్కకి ఒక పీత చొప్పున వసూలు మొదలెట్టాడు. తెర మీద నెమలి రంగులు, జవాబు వచ్చినప్పుడల్లా గంట మోత. అడవి అంతా అటే పరిగెత్తింది. ఊరికే వచ్చేదాని మీద ఎవరికైనా కాస్త చిన్నచూపే కదా.

ఇక్కడ గదిలో మాత్రం పైడమ్మ అనే ఎలుక ముంపులెక్కని వరసవరసగా చదువుతోంది. ఏదైనా కొరికి చూడందే దానికి తోచదు.

"తాతా, ఒడ్డు ఎత్తు దేంతో కొలిచావు?"

"నా డిప్పతో. కుందేలు బొరియ వాగు అడుగు నుంచి పన్నెండు డిప్పల ఎత్తు."

"మరి నీళ్ల లోతు కొంగ కదా చెప్పేది. వెదురు గడ మీద తన కాలంత ఎడంలో గాట్లు పెట్టుకుని, ఎన్ని కాళ్లో చెబుతుంది. నువ్వు డిప్పల్లోంచి కాళ్లు తీసేశావు."

సన్యాసయ్య తల లోపలికి లాక్కున్నాడు. కాసేపటికి బయటపెట్టి, "ఎంత పని చేశాను," అన్నాడు. "దిద్దెయ్యి తల్లీ. పక్కన నీ పేరు రాయి."

ఒక కాలంటే మూడు డిప్పలు. పైడమ్మ ఆ మాట కోడ్‌లో చేర్చి, తన పేరు రాసింది. ఇది చైత్రంలో. జగ్గారావు నకలు తీసుకెళ్లింది మాఘంలో.

ఆషాఢంలో వాన పట్టుకుంది. వాగు ఒడ్డున కాపురముండే నూకాలు కుందేలుకి అప్పటికి నాలుగు రోజుల పిల్లలు ఐదు. కళ్లు తెరవలేదు, ఒంటి మీద బొచ్చు లేదు. వానలో బయటికి తీస్తే చలికి చచ్చిపోతాయి. తియ్యకుండా ఉంటే, నీళ్లు వస్తే మునిగిపోతాయి. ఆ తల్లి పీత పట్టుకుని పక్క బొరియలో ఉండే జగ్గారావు దగ్గరికి పరిగెత్తింది.

గంట మోగింది. "సాయంత్రానికి నీళ్లు ఐదు. పన్నెండులో ఐదు పోతే ఏడు. హాయిగా పడుకో చెల్లెమ్మా."

ఇంతలో పైడమ్మ తడుస్తూ వచ్చింది. "వదినా, పిల్లల్ని తీసెయ్యి. మా లెక్కలో నీ ఇల్లు మునుగుతోంది."

నూకాలు ఇటు చూసింది, అటు చూసింది. "ఇద్దరి మాటా ఎలా నమ్మేది? ఎలా వచ్చిందో చూపించండి."

"మాది గదిలో తెరిచే ఉంది," అంది పైడమ్మ. "నీది చూపించు బావా."

"అది కంపెనీ రహస్యం."

"కంపెనీలో ఎవరెవరున్నారు?"

"నేనే."

"అయితే నీకు తెలుసుగా?"

"అంత రహస్యం మరి. నేను కూడా లోపల చూడలేదు."

"సరేలే. మాదానికీ దీనికీ సంబంధం లేదంటావు?"

"ఒక్క అక్షరం కూడా లేదు. ప్రతి ముక్కా నా చెమట."

"అలాగే. ఒక్కసారి వాగులో నీళ్లు సున్నా అని కొట్టు."

జగ్గారావు ధీమాగా కొట్టాడు. గంట మోగింది. నెమలి రంగుల మధ్య అక్షరాలు వచ్చాయి: "నీళ్లు లేవు. నా డిప్ప ఎండిపోతోంది."

నూకాలు జగ్గారావుని తోక దాకా ఎగాదిగా చూసింది. "నీకు డిప్ప ఎప్పుడొచ్చింది అన్నయ్యా?"

"అది... కవిత్వం," అన్నాడు జగ్గారావు.

నూకాలు ఇంక అక్కడ నిలబడలేదు. అయినా ఎలుక మాటని కూడా ఊరికే నమ్మలేదు. గదికి వెళ్లి, పైడమ్మ దిద్దిన వరస చదివింది. కొంగ చేత గడ తెప్పించి, "తాతా, కాస్త దీని పక్కన పడుకో," అని సన్యాసయ్యని పొడుగ్గా పడుకోబెట్టి తనే కొలిచింది. ఒక గాటుకి మూడు డిప్పలు. ఐదు మూళ్లు పదిహేను. బొరియ ఎత్తు పన్నెండే.

పిల్లల్ని ఒక్కొక్కటిగా టేకాకులో చుట్టి నోట కరుచుకుని, ఐదుసార్లు తిరిగింది. పైన కొంగ రెక్కలు చాపి గొడుగు పట్టింది. ఐదోది గదిలోకి చేరేసరికి చల్లబడిపోయింది. తల్లి పొట్ట కింద పెట్టుకుని కూర్చుంది. చాలాసేపటికి అది కాలు ఆడించింది. నూకాలు అప్పుడు ఏడ్చింది.

ఈలోగా పైడమ్మ ఒడ్డంతా తిరిగి అందర్నీ గట్టెక్కించింది. జగ్గారావు ఒక్కడే కదల్లేదు. కదిలితే అందరూ పీతలు వెనక్కి అడుగుతారు మరి. పొద్దువాలకముందే వాగు నూకాలు బొరియని ముంచి, అతగాడి మెడదాకా వచ్చింది. చేతిలో ట్యాబ్ మాత్రం ఇంకా ఏడు మిగిలి ఉందని గంట కొట్టి చెబుతూనే ఉంది. చివరికి అది కూడా కొట్టుకుపోయింది.

జగ్గారావు వణుకుతూ గదికి చేరాడు. ఎవరూ తలుపు వేయలేదు. అసలు ఆ గదికి తలుపే లేదు.

"తాతా, కొత్త నకలు ఒకటి ఇస్తావా?"

"అక్కడే ఉంది. తీసుకో. పేర్లు చెరపకు."

జగ్గారావు కాసేపు గొణిగి, "అందులో నా పేరు కూడా పెట్టకూడదా?" అన్నాడు.

"ఎందుకు పెట్టకూడదు," అంటూ సన్యాసయ్య తెర ముందు కూర్చుని, పైడమ్మ పేరు కింద మెల్లగా కొట్టాడు: "పాత లెక్క తప్పని మెడదాకా దిగి పరీక్షించి తేల్చినవారు: జగ్గారావు."

నీతి: పదిమంది చూసే లెక్కలో తప్పు ఎన్నాళ్లో దాగలేదు, తాళం వేసిన లెక్కలో అది యజమానిని ముంచేదాకా హాయిగా బతుకుతుంది.