జిలేబి బేరం

రెడ్డెప్ప తన కుక్కకు జిలేబి అని పేరు పెట్టడమే తప్పని మదనపల్లె టమోటా మార్కెట్లో అందరూ తీర్మానించేశారు. రంగు వరకూ పేరు అతికినట్టు సరిపోయింది, కాదనలేం. కానీ అది గ్రేహౌండ్ జాతి కుక్క. తిన్నగా దూసుకుపోవడమే తప్ప వంకర తిరగడం దాని వంశంలో లేదు. అలాంటిదాన్ని పట్టుకొచ్చి అతను కుక్కల అడ్డంకుల పందేనికి తయారు చేస్తున్నాడు.

ఆ పందెంలో కుక్క కర్రల మీంచి దూకాలి, గుడ్డ సొరంగంలో దూరి బయటికి రావాలి, వరసగా పాతిన గుంజల మధ్య మెలికలు తిరగాలి, ఊగే బల్ల ఎక్కి దిగాలి. అదీ అంకెలు వేసిన వరసలోనే, గడువు దాటకుండా. పెంచినవాడు పక్కన పరిగెడుతూ దారి చూపించవచ్చు, ముట్టుకోకూడదు.

దూకడం జిలేబికి ఒక లెక్క కాదు. పరుగు సంగతి చెప్పనే అక్కర్లేదు. దాని జబ్బు వేరే. సగం దారిలో ఉన్నట్టుండి నిలబడిపోయేది. చెవులు వెనక్కి వాల్చి రెడ్డెప్ప వైపు చూసేది. అతను అరిచేవాడు. అది చూసేది. అతను ఇంకా గట్టిగా అరిచేవాడు. అది ఇంకా చూసేది. ఈలోగా గడువు కాస్తా అయిపోయేది.

అప్పటిదాకా దిగిన రెండు పందేల్లోనూ ఇదే వరస. రెండోది బెంగళూరులో జరిగింది. అక్కడ కుక్కపిల్లల్ని పెంచి అమ్మే నంజుండ అనే పెద్దమనిషి, రెడ్డెప్ప భుజం మీద చెయ్యి వేసి పక్కకు తీసుకెళ్ళాడు.

"ఇది ఈ ఆటకు పనికొచ్చే జాతి కాదు రెడ్డెప్పా. నా దగ్గర బోర్డర్ కోలీ జాతి కుక్కపిల్ల ఉంది. నువ్వు నోరు తెరిచేలోపల పని చేసేస్తుంది. దాన్ని తీసుకుని దీన్ని నాకు ఇచ్చెయ్. తెలిసినాయన ఒకరు, ఎస్టేటు గేటు దగ్గర అందంగా నిలబడ్డానికి ఇట్లాంటిదే కావాలంటున్నారు."

వచ్చే పందెం అయ్యాక చెబుతానన్నాడు రెడ్డెప్ప. అనేసి ఇంటికొచ్చాడు గానీ, మంచాన్ని ముప్పాతిక వంతు ఆక్రమించి కాళ్ళు బార్లా చాపుకుని పడుకున్న జిలేబిని చూస్తే గుండె బరువెక్కింది. ఆ ఆదివారమే ఫిలోమినా మేడం దగ్గరికి పరిగెత్తాడు.

ఫిలోమినా మేడం ఆడపిల్లల హైస్కూల్లో డ్రిల్లు టీచరుగా చేసి రిటైరయ్యారు. మెడలో ఈల తీయకుండానే కుక్కల వైపు మళ్ళారు. ఆమె తయారు చేసిన గ్రేహౌండ్లు చాలా కప్పులు తెచ్చాయి. వాటిలో ఆఖరిది, హెడ్మాస్టర్ అనే ముసలి కుక్క, వరండాలో గోనెపట్టా మీద రోజంతా నిద్రపోతూ ఉంటుంది. మేడం దగ్గర నేర్చుకోవడానికి వచ్చి మధ్యలో పారిపోయినవాళ్ళు కూడా చాలామందే. అడిగినదానికి జవాబు చెప్పరని వాళ్ళ ఫిర్యాదు.

"మేడం, లోపం కుక్కలో ఉండాదా, నాలో ఉండాదా? ఒక్క మాటలో చెప్పండి" అన్నాడు రెడ్డెప్ప. "కుక్కలో ఉంటే మార్చేస్తా. నాలో ఉంటే..."

అక్కడ ఆగిపోయాడు. ఆ రెండో సంగతి గురించి అతను పెద్దగా ఆలోచించుకుని రాలేదు.

"పరిగెత్తించు, చూస్తా" అన్నారు మేడం, టీ గ్లాసు చేతిలో పట్టుకుని.

ఆవరణలో అమర్చిన అడ్డంకుల మీద రెడ్డెప్ప పరిగెత్తించాడు. అతని గొంతు గురించి ఇక్కడ చెప్పుకోవాలి. అతను టమోటా మార్కెట్లో వేలంపాట పాడే మనిషి. క్రేట్ల వరస మీదికెక్కి పాట ఎత్తుకున్నాడంటే బస్టాండు దాకా వినపడుతుందని చెప్పుకుంటారు. చెప్పుకునేవాళ్ళలో మొదటివాడు అతనే. పాటగాడికి గొంతొక్కటే ఉంటే చాలదు, అరుస్తూనే చుట్టూ తిరిగి అందరి మొహాలూ చూడాలి. ఒక వ్యాపారి కనుబొమ్మ ఎగరేస్తాడు, ఇంకొకడు ముక్కు గోక్కుంటాడు. అదే వాళ్ళ పాట. చూపు తప్పిందంటే సరుకు తప్పినట్టే. ఆ విద్యలో రెడ్డెప్పను మించినవాడు లేడు.

"దూకు జిలేబీ, దూకు, అట్లా, ఇప్పుడు కుడి, కుడి, సొరంగం, సొరంగం" అని అతను ఎత్తుకునేసరికి కొబ్బరిచెట్టు మీద కాకులు లేచిపోయాయి. పాలు పోసే ఆడవాళ్ళు ప్రహరీ గోడ దగ్గర ఆగి చూడసాగారు. జిలేబి కర్రలు దూకింది, సొరంగం దాకా వెళ్ళింది, నిలబడిపోయింది.

మేడం టీ గ్లాసు కింద పెట్టారు. లోపలికి వెళ్ళి దూది తెచ్చి, రెండు చెవుల్లోనూ గట్టిగా కుక్కుకున్నారు. చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని, కాన్వాసు బూట్ల లేసులు బిగించుకున్నారు.

"ఇప్పుడు నేనే జిలేబిని. నడిపించు."

రెడ్డెప్పకు నవ్వొచ్చింది గానీ నవ్వే ధైర్యం లేదు. పాట ఎత్తుకున్నాడు. మేడం అతని పక్కనే చకచకా వచ్చారు. కర్రలు దూకే వయసు కాదు గనక వాటిని చుట్టి వచ్చారు. అంతవరకూ బాగానే ఉంది. "సొరంగం, సొరంగం" అని అతను అరుస్తుండగా ఆమె నేరుగా ప్రహరీ గోడ దగ్గరికి వెళ్ళి, పాలు పోసేవాళ్ళతో గేదె ఈనిందా అని కబుర్లు మొదలుపెట్టారు.

రెడ్డెప్ప కూడా ఆమె పక్కనే ఉన్నాడు. ఆమె దూది తీసేదాకా రెండు చేతులూ ఆడిస్తూ నిలబడ్డాడు.

"సొరంగం అటుంటే ఇటు వచ్చినారేంది మేడం?"

"నేనెక్కడొచ్చినాను? నువ్వు పిలుచుకొస్తే వచ్చినా."

రెడ్డెప్ప కిందికి చూసుకున్నాడు. అతని కాళ్ళు గోడ వైపే తిరిగి ఉన్నాయి. మిగతా ఒళ్ళూ అటే ఉంది. పాలు పోసేవాళ్ళు అతన్ని చూసి ముసిముసిగా నవ్వారు.

దొరికింది కిటుకు అనుకున్నాడు రెడ్డెప్ప. లోపం కాళ్ళలో ఉందన్నమాట. ఆ వారమంతా తన కాళ్ళ వంకే చూసుకుంటూ పరిగెత్తాడు. అరుపు మాత్రం మానలేదు. ఒకసారి అడ్డుకర్రకు గుద్దుకుని బోర్లా పడ్డాడు. జిలేబి వచ్చి చెవి నాకి పోయింది. హెడ్మాస్టర్ ఒక కన్ను తెరిచి చూసి మళ్ళీ మూసుకుంది.

మోకాలికి పసుపు పూసుకుంటూ, టీ తాగుతూ, రెడ్డెప్ప తన గొప్పలు చెప్పుకునేవాడు. వాళ్ళ నాయన అంగళ్ళు ఊరి సంతలో పశువుల దళారి. ఎద్దుల బేరమంతా తువ్వాల కిందే నడిపేవాడు. చేతి మీద తువ్వాల కప్పి, కింద వేలు నొక్కితే లెక్క, చెయ్యి విదిలిస్తే బేరం లేదని అర్థం.

"మా నాయన నోరు తెరిచి ధర చెప్పిన పాపాన పోలేదు మేడం. సంతంతా మీద పడి చూస్తా ఉన్నా ఆయనకు పట్టదు. అట్లా ఉండబట్టే ఆయన పేరు సంత దాటలేదు. నా పేరు చూడండి, బెంగళూరు దాకా తెలుసు."

"ఆ వేళ్ళ లెక్క నాకూ నేర్పించు" అన్నారు మేడం. అతను సరదాగా నేర్పించాడు. ఆమె తొందరగానే పట్టేసుకున్నారు.

పందెం రోజు రానే వచ్చింది. రెడ్డెప్ప తన వ్యానులో జిలేబిని, మేడాన్ని ఎక్కించుకుని చీకటితోనే బెంగళూరుకు బయలుదేరాడు. అక్కడ మైదానంలో ముందుగా కుక్కల్ని బయటే ఉంచి మనుషులు మాత్రమే దారి చూసుకోవాలి. అదొక వేడుక. పెద్దపెద్ద ఉద్యోగాలు చేసేవాళ్ళు కూడా లేని కుక్కకు చేతులు ఊపుతూ, లేని కుక్కను మెచ్చుకుంటూ తిరుగుతుంటారు. రెడ్డెప్ప లేని కుక్క మీద కూడా అరిచాడు.

ప్రతి కుక్కకూ రెండు విడతలు. మొదటి విడతలో "మదనపల్లె నుంచి రెడ్డెప్ప, గ్రేహౌండ్ జిలేబి" అని మైకులో వినపడగానే కుర్చీల్లోవాళ్ళందరూ తలలు తిప్పారు. ఆ ఆటలో గ్రేహౌండ్ కనపడడమే అరుదు. అన్ని మొహాలు తన వైపు తిరిగేసరికి రెడ్డెప్ప ఛాతీ వెడల్పయింది, గొంతు దానంతటదే లేచింది. కాళ్ళ సంగతి మరిచిపోయాడు. జిలేబి ఊగే బల్ల ముందు ఆగి, చెవులు వాల్చి, అతని వైపు చూస్తూ ఉండిపోయింది. ఎవరో నవ్వారు.

బయటికి వస్తుంటే నంజుండ ఎదురయ్యాడు. "సాయంత్రం కారు ఇక్కడికే తెస్తా. బాధపడొద్దు, దానికీ అక్కడ సుఖంగానే ఉంటుంది" అన్నాడు. అతని మాటలో వెటకారం లేదు. అందుకే రెడ్డెప్పకు ఎక్కువ బాధేసింది.

షామియానా చివర గడ్డిలో కూలబడ్డాడు. జిలేబి వచ్చి తన ఒళ్ళంతా అతనికి ఆనించి నిలబడింది. ఆ జాతికి అదొక అలవాటు, నమ్మిన మనిషి మీద బరువు వేసేస్తాయి.

"చెప్పండి మేడం" అన్నాడు. "ఇచ్చెయ్యమంటే ఇచ్చేస్తా."

మొదటిసారి అతని మాట పక్కవాళ్ళకు వినపడలేదు.

మేడం అతని భుజం మీది తువ్వాల లాక్కున్నారు. తన కుడిచేతి మీద కప్పుకుని ముందుకు చాచారు.

"ఎంతకిస్తావు?"

"దేన్ని మేడం?"

ఆమె గడ్డంతో జిలేబిని చూపించారు.

ఇదేం పరాచికం అనుకున్నాడు గానీ, చెయ్యి అతన్ని అడక్కుండానే తువ్వాల కిందికి పోయింది. చిన్నప్పుడు నాయన పక్కన కూర్చుని నేర్చుకున్న విద్య. మేడం వేళ్ళు నొక్కారు. మంచి ధరే. రెడ్డెప్ప విదిలించాడు. ఆమె ఇంకా పెంచారు. మళ్ళీ విదిలించాడు. ఆమె చెయ్యి ఒక్క క్షణం ఆలోచించింది. ఆ ఆలోచన అతనికి అరచేతిలో తెలిసింది. ఈసారి ఆమె అడిగిన ధరకు సంతలో మేలిజాతి ఎద్దుల జత, దాంతోపాటు బండీ వస్తాయి. ఆమె దగ్గర అంత డబ్బు లేదని అతనికి తెలుసు. అయినా ఏమాత్రం ఒప్పుకున్నా జిలేబి పోతుందన్నట్టు, గబుక్కున గుప్పెట మూసేశాడు. మేడం ఆ గుప్పెట మీద రెండుసార్లు తట్టి చూశారు. అది తెరుచుకోలేదు.

ఆమె తువ్వాల తీసేశారు. రెడ్డెప్ప కళ్ళు తడిగా ఉన్నాయి.

"ఇయ్యను మేడం."

"సరే" అన్నారు ఆమె, తువ్వాల మడత పెడుతూ. "మైకులో ఏం చెప్తా ఉండారో విన్నావా?"

"లేదు మేడం."

"నీ పేరే. ఇది మూడోసారి పిలవడం. పో."

ఆమె తువ్వాలను అతని భుజం మీద వేశారు.

రెడ్డెప్ప జిలేబిని తీసుకుని ఉరికాడు. గీత దగ్గర దాని పక్కన వంగి, "పద" అన్నాడు. అదీ దానికి మాత్రమే వినపడేట్టు. తర్వాత మాట్లాడలేదు. కర్రలు, సొరంగం, గుంజలు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. ఊగే బల్ల ముందు జిలేబి అడుగు నెమ్మదించి, ఎప్పటిలాగే అతని వైపు చూసింది. అతను అప్పటికే దాన్ని చూస్తున్నాడు. అది బల్ల ఎక్కింది.

ఆఖరి మలుపు దగ్గర వంశగుణం వదులుకోలేక చాలా వెడల్పుగా తిరిగింది. అంచున కూర్చున్నవాళ్ళు కాఫీ కప్పులు పైకెత్తి పట్టుకున్నారు. ఒక కర్ర కిందపడింది. అయితేనేం, గడువులోపల గీత దాటారు. కప్పు మాత్రం రాలేదు. అది నంజుండ పెంచిన కోలీకి వచ్చింది. న్యాయంగా దానికి రావాల్సిందే.

రెడ్డెప్ప రొప్పుతూ మేడం దగ్గరికి వచ్చాడు.

"జనం చప్పట్లు కొట్టినారా మేడం?"

"నాకేం తెలుసు? నేను టీ తాగతా ఉండా."

సాయంత్రం నంజుండ అన్నమాట ప్రకారం కారు తెచ్చాడు. వెనక సీటు మీద దుప్పటి కూడా పరిచాడు, మంచి మనిషి. తలుపు తెరిచి పట్టుకుని, "ఏమంటావు రెడ్డెప్పా?" అన్నాడు.

రెడ్డెప్ప తువ్వాలను భుజం మీంచి తీసి చేతి మీద వేసుకున్నాడు.

"బేరం మధ్యాహ్నమే అయిపోయిందన్నా."

"అవునా? ఎంతకు?"

రెడ్డెప్ప మేడం వైపు చూశాడు. ఆమె ఎటో చూస్తున్నారు. జిలేబి మెల్లగా వచ్చి, తువ్వాల కింద ఉన్న అతని చేతిలో తన పొడుగాటి మూతి దూర్చింది.