గోరింక బాబాయి దాచిన ఆకులు

అనగనగా ఒక ఎర్రమట్టి అడవి. ఆ అడవిలో వెంపలి అనే ఉడుతపిల్ల. వెంపలికి చెట్టుమందుల చదువంటే ప్రాణం. ఆ చదువు చెప్పే ఎలుగుబంటి పంతులమ్మ తొమ్మిది కొండల అవతల మంచు అడవిలో ఉంది. రమ్మని కబురొచ్చింది. ఇక వెంపలి కాలు నేల మీద నిలవలేదు.

మంచు అడవిలో గోరింక ఒకడున్నాడు. వాడిదీ ఎర్రమట్టి అడవే. వలస బాతులతో వాడు వెంపలి ఇంటికి కబురు పంపాడు. "బడి పక్కనే వెచ్చని తొర్ర చూసిపెట్టాను. చలికాలానికి దాచుకున్న గింజల మూట ముందే పంపండి. ఆలస్యమైతే ఇంకెవరో దూరిపోతారు!"

ఆ తొర్ర ఎవరైనా చూశారా? లేదు. ఎవరినైనా అడిగారా? అదీ లేదు. "మనవాడే కదా!" అనుకున్నారు. బాతుల చేతికి మూట ఇచ్చేశారు.

వెంపలి తొమ్మిది కొండలూ దాటింది. సరిహద్దు వాగు దగ్గర కొంగ తాత ఒక దళసరి ఆకు మీద ముక్కుతో మూడు పొడుపులు పొడిచి ఇచ్చాడు.

"ఇది నీ అనుమతి ఆకు, పాపా. పున్నమి నాడు బడిలో చూపించాలి. చూపించకపోతే చదువూ లేదు, ఇక్కడ ఉండనివ్వరు కూడా. ఏమైనా అడగాలా?"

వెంపలికి అడగాల్సినవి వంద ఉన్నాయి. కానీ అడిగితే మొద్దు అనుకుంటారని సిగ్గు. అన్నీ తెలిసినట్టు తలూపి వచ్చేసింది.

వాగు దాటగానే గోరింక ఎదురొచ్చాడు. "ఏమ్మా, అన్నం తిన్నావా? ఎంత చిక్కిపోయావే! నన్ను బాబాయి అనుకో."

పరాయి చోట సొంత మాట వినేసరికి వెంపలికి కళ్లలో నీళ్లు తిరిగాయి. చూడండర్రా, ఎక్కడ కొట్టాలో వాడికి బాగా తెలుసు!

తీరా చూస్తే తొర్ర బడి పక్కన లేదు. రెండు కొండల అవతల ఉంది. పైనుంచి మంచు కారుతోంది. లోపల అప్పటికే ఇద్దరు ఉడుతలు ముడుచుకుని ఉన్నారు. పైడన్న, నూకాలక్క. వాళ్లదీ ఎర్రమట్టి అడవే. తాను దూర సందు లేదు, మెడకో డోలు అన్నట్టుంది వాళ్ల కాపురం.

"ఆకు ఇలా ఇవ్వమ్మా," అన్నాడు గోరింక. "తొర్ర ఇచ్చినవాళ్ల దగ్గరే ఆకు ఉండాలి. ఇక్కడి పద్ధతి అది."

వెంపలి పైడన్న వైపు చూసింది. పైడన్న గోడ వైపు చూశాడు. నూకాలక్క వైపు చూసింది. నూకాలక్క తోక సర్దుకుంది. ఇద్దరికీ తెలుసు.

వెంపలి ఆకు ఇచ్చేసింది.

మర్నాడు బడికి బయలుదేరబోతే గోరింక అడ్డొచ్చాడు. "ముందు నా కాయలు ఒలిచిపెట్టు, తల్లీ. బాబాయికి ఆమాత్రం సాయం చెయ్యవా?" ఆ రోజు బడి పోయింది. రెండో రోజూ పోయింది. మూడో రోజు వెంపలి ఆకు అడిగితే వాడు నవ్వాడు. "కాయలన్నీ అయ్యాక చూద్దాం." ఆ కాయలు ఎప్పటికి అయ్యేను! నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయి. పున్నమికి ఇంకా ఒక్క రోజే ఉంది.

వెంపలి పైడన్నను నిలదీసింది. "మీ ఆకులేవి?"

"వాడి దగ్గరే."

"మరి నాకెందుకు చెప్పలేదన్నా?"

పైడన్న తల వంచుకున్నాడు. "ఏం చెప్పమంటావు? మోసపోయామని చెప్పుకుంటే పరువేం కాను? బ్రహ్మాండంగా చదువుతున్నామని ఇంటికి కబురు పంపాం."

వెంపలికి ఒళ్లు మండిపోయింది. మీకు మండదూ? మోసం చేసినవాడు దొంగ, సరే. మరి గోతిలో పడినవాళ్లు, వెనకొచ్చేవాళ్లు అదే గోతిలో పడుతుంటే చూస్తూ కూర్చుంటే, వాళ్లనేమనాలి?

"మీ పరువుకి నా చదువు బలి పెట్టారా?" అని అరిచి, వెంపలి ఒక్క పరుగున కొంగ తాత దగ్గరికి వెళ్లింది. ఈసారి సిగ్గుపడలేదు.

"తాతా, తొర్ర ఇచ్చినవాళ్లకు ఆకు అప్పగించాలా?"

కొంగ తాత రెక్కలు టపటపలాడించాడు. "ఎవడన్నాడా మాట? నీ ఆకు నీ దగ్గరే ఉండాలి. ఇంకొకరు దాచడం ఈ అడవిలో నేరం. ఇన్నేళ్లలో ఈ మాట నన్నడిగినదానివి నువ్వొక్కదానివే!"

కొంగ తాతా ఎలుగుబంటి పంతులమ్మా కలిసి వెంపలిని వెంటబెట్టుకుని గోరింక గూటికి వెళ్లారు. గూడు దులిపితే రాలాయి పదిహేడు ఆకులు! ఒక్కో ఆకూ ఒక్కో పిల్లది.

గోరింక వెంపలి చెవిలో గొణిగాడు. "మనలో మనకి గొడవలేమిటమ్మా? పరాయివాళ్ల ముందు మన అడవి పరువు తీస్తావా?"

"పరువు తీసింది నువ్వు!" అంది వెంపలి, అందరికీ వినపడేలా. "నన్ను 'అమ్మా' అని పిలవకు. నువ్వు నాకు బాబాయివి కాదు."

గోరింకను అడవి నుంచి తరిమేశారు. వెంపలి పున్నమి నాడు ఆకు చూపించి బడిలో కూర్చుంది. ఆ నెలలోనే వచ్చిన నూకాలక్క ఆకూ చెల్లింది. అంతకు చాలా ముందే వచ్చిన పైడన్న ఆకు మాత్రం గడువు దాటి ఎండిపోయింది. పట్టుకుంటే పొడి అయింది. దానిమీద కొత్త పొడుపులు పడవు.

ఇంటిదారి పట్టిన పైడన్న వాగు దగ్గర వెనక్కి తిరిగి చూశాడు. "నా ముందొచ్చినవాళ్లు నాకు చెప్పలేదు, చెల్లీ. నేను నీకు చెప్పలేదు." అంతే, వెళ్లిపోయాడు. వెంపలికి కోపం పోలేదు. ఏడుపూ ఆగలేదు.

ఆ మరుసటి ఏడు నుంచి కొత్త పిల్లలు వచ్చే రోజున వెంపలి వాగు ఒడ్డున రాయెక్కి కూర్చునేది. దిగినవాళ్లకు దిగినట్టే చెప్పేది. "కళ్లతో చూడని తొర్రకి గింజలివ్వకండి. మీ ఆకు ఎవరికీ ఇవ్వకండి. తెలియనిది కొంగ తాతని అడగండి. ఇవన్నీ నాకెలా తెలుసంటారా? నేను మోసపోయాను కనుక!"

ఆ చివరి మాట మాత్రం గొంతెత్తి చెప్పేది.

నీతి: కొత్త చోట 'మనవాడు' అన్న ఒక్క మాటకే నమ్మకూడదు, అడగడానికి సిగ్గుపడకూడదు, మోసపోయిన సంగతి దాచుకున్నవాడు మోసగాడికి కాపలా కాసినట్టే.