మామిడికొత్త కాకముందు

ఉమాపతికి కాషాయం ఇంకా అందలేదు. శబరి ఒడ్డున మల్లయోగి ఆశ్రమంలో అతని తర్వాత చేరినవాళ్లు కూడా దీక్ష పుచ్చుకున్నారు. అతను మాత్రం తెల్లపంచెతోనే ఉండిపోయాడు. తనలో ఏం తక్కువో అతనికి అంతుపట్టలేదు. తక్కువేమీ లేదని అతని గట్టి నమ్మకం మరి.

నిజానికి నిష్ఠకు లోటు లేదు. ఉపవాసాలుండేవాడు. కొమ్మ మీది పండు కోసేవాడు కాదు, రాలినదే తినేవాడు. ఆ సంగతి ఆశ్రమానికి వచ్చిపోయే వాళ్లందరికీ తెలుసు, అతనే చెప్పేవాడు కనక.

ఒకనాడు ఉండబట్టలేక గురువునే అడిగేశాడు. "స్వామీ, ఆకలిని గెలిచాను. దీక్షకు ఇంకా ఏం కావాలి?"

మల్లయోగి సంచి భుజాన వేసుకుని, కొండ మీద కొండరెడ్ల గూడేనికి పోయొద్దాం రమ్మన్నాడు.

దారంతా ఎండ నేలకు దిగని దట్టమైన అడవి. ముందురోజు ఉపవాసం కావడంతో ఎక్కేసరికి ఉమాపతికి కళ్లు తిరిగాయి. గూడెం దగ్గరపడుతుండగా పెద్ద మామిడిచెట్టు, దాని కింద నేల కనపడకుండా పండ్లు. ఆ వాసనకే ప్రాణం లేచొచ్చింది. ఒకటి ఏరి, పంచెకు తుడుచుకుని, టెంక చీకేదాకా తిన్నాడు. గురువు చూస్తూ నిలబడ్డాడు తప్ప చెయ్యి చాపలేదు.

అప్పుడే నీళ్ల బిందెలతో ఇద్దరు ఆడపిల్లలు వచ్చారు. పండ్ల మీద అడుగు పడకుండా చూసి చూసి నడుస్తున్నారు. ఉమాపతి చేతిలో టెంక చూసి ఆగిపోయారు.

"సాములూ, ఇంకా మామిడికొత్త అవ్వలేదండి," అంది పెద్దపిల్ల మెల్లగా.

"కొయ్యలేదమ్మా. రాలిందే తీసుకున్నాను."

"రాలినయ్యి ఉడతలయ్యి, ఎలుగులయ్యి. మన వంతు ఇంకా రాలేదండి."

ఆ పిల్ల గూడెం పెద్ద బుల్లిరెడ్డి మనవరాలు. ఆయన గురుశిష్యులిద్దరినీ తన ఇంటి అరుగు మీద కూర్చోబెట్టి సంగతి చెప్పాడు. మామిడికొత్త పండుగ చేసి, తొలి పండ్లు అమ్మవారికి పెట్టేదాకా ఊళ్లో ఎవరూ మామిడి నోట పెట్టరు. కాయ చెట్టునే పండాలి, అడవి జీవాలు తినాలి, టెంకలు నాలుగు చోట్లా పడి మొలవాలి, ఆ తర్వాతే మనుషులు. ఈ ఏడు అవతలి వాలులో ఇంకా కాయ ముదరలేదని పండుగ వెనక్కి జరిగింది. ఇళ్లలో గింజలు నిండుకున్నాయి. నిరుటి మామిడి టెంకల పిండితో జావ కాచుకుంటున్నారు. ఇదంతా ఆయన వానల కబురు చెప్పినట్టు చెప్పాడు.

ఆ జావ తాగి, ఆ చెట్టు కిందుగానే రోజూ నీళ్లకు పోయొచ్చే పిల్లలు వాళ్లు. కాపలా లేదు, అదిలించేవాళ్లు లేరు. ఆ కొండ ఇన్ని తరాలుగా పచ్చగా ఎలా నిలిచిందో వేరే ఎవరినీ అడగనక్కర్లేదు. నాకైతే ఆ పిల్లలకు దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

ఉమాపతి తప్పయిందన్నాడు. ప్రాయశ్చిత్తం ఏదైనా ఉంటే చెప్పమన్నాడు.

బుల్లిరెడ్డి చెయ్యి అడ్డంగా ఊపాడు. "మీకు తప్పు లేదులెండి సాములూ. ఈ కట్టు మాకు. మీకు ఆకలేస్తది, ఆగలేరు గదా."

ఎంతో ప్రేమగా అన్నాడు. పైగా మనవరాలిని పిలిచి, సాములకు ఇంకో రెండు పండ్లు తెచ్చిపెట్టమన్నాడు. ఆ పిల్ల ఏరి, కడిగి, అతని ముందు పెట్టింది. వేళ్లకంటిన రసాన్ని గడ్డికి తుడుచుకుంది. ఉమాపతి తల ఎత్తలేకపోయాడు.

తిరుగుదారిలో వాగు దగ్గర మల్లయోగి ఆగి, సంచిలోంచి కొత్త కాషాయం తీశాడు. పొద్దున బయల్దేరేటప్పుడే పెట్టుకొచ్చాడు.

"అడిగావుగా. తీసుకో," అన్నాడు.

ఉమాపతి వాగులోకి దిగి, మామిడి జిగట వదిలేదాకా చేతులు రుద్దుకున్నాడు. వచ్చి గురువు పాదాలకు మొక్కాడు. కాషాయాన్ని ముట్టుకోలేదు. ఖాళీ సంచి మాత్రం అందుకుని తన భుజాన వేసుకున్నాడు.

మల్లయోగి ఆ బట్టను మడిచి చంకన పెట్టుకున్నాడు. కొండ దిగినంతసేపూ ఆయన ముఖం వెలిగిపోతూనే ఉంది.